మేనేజరు కుంటు తగ్గింది

మా బావమరిది కుక్కల మందుల షాపులో గోడకి ఒక టీవీ ఉంది. అందులో పొద్దస్తమానం కుక్కలు నడుస్తుంటాయి. ఎడమ సగంలో కుంటుతూ, కుడి సగంలో కుంటకుండా. కింద ‘ముందు’, ‘తర్వాత’ అని పెద్ద అక్షరాలు. ఆ షాపుకి డాక్టరు లేడు. టీవీయే డాక్టరు.

నేనక్కడ డబ్బాలు తుడిచి, సర్ది, సంచిలో పెట్టే పని చేస్తాను. నా పెళ్ళినాటికి నిక్కర్లేసుకు తిరిగిన కుర్రాడు ఇవాళ నాకు యజమాని. నన్ను ‘బావగారూ’ అని పిలిచి మరీ తిడతాడు. మర్యాద తగ్గకుండా తిట్టడం వాళ్ళింట్లో అందరికీ వచ్చు. మా ఆవిడ అందులో ఇంకా ఆరితేరింది.

ఒకరోజు మా వీధి చివర కుట్టుమిషను పెట్టుకున్న టైలరమ్మ తన కుక్కని తీసుకొచ్చింది. గోధుమరంగు కుక్క, దూడంత ఉంటుంది, ముసలిది. ఆవిడ కుడుతున్నంతసేపూ గుమ్మంలో కూర్చుని వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ అనుమానంగా చూసేది కాబట్టి దానికి మేనేజరు అని పేరు పడింది.

“ఏ కాలమ్మా?” అన్నాడు బావమరిది. ఎవరొచ్చినా వాడి మొదటి ప్రశ్న అదే. అది వినగానే జనానికి ఆస్పత్రికి వచ్చినట్టుంటుంది.

“వెనక కుడికాలు బాబూ. కీళ్ళు అరిగిపోయాయన్నాడు పశువుల డాక్టరు. రోజూ నొప్పిమాత్ర వెయ్యాలట. మధ్యమధ్యలో రక్తపరీక్ష చేయించాలట.”

“మాత్రలు వేస్తే కాలు మిగుల్తుంది, కిడ్నీలు పోతాయి. మా దగ్గరున్నది మందు కాదమ్మా, ఆహారం. గ్లూకోసమిన్. అరిగిన చోట కొత్త గుజ్జు పుట్టిస్తుంది.”

“వీడు మెట్లెక్కితే చాలు బాబూ.”

అప్పుడు చెప్పింది సంగతి. ఆవిడ అద్దెకున్న గది పడగొడుతున్నారు. ఇక కూతురి దగ్గరకి పోవాలి. కూతురిల్లు నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. “మా అల్లుడు ఖచ్చితంగా చెప్పేశాడు. తన కాళ్ళతో తను ఎక్కొస్తే ఉండనిస్తాడట. రోజూ మోసుకు తిరగాల్సిన కుక్కయితే ప్రాణం పోయే సూది వేయించేసి రమ్మన్నాడు.”

మేనేజరు నా కాలిమీద గడ్డం ఆనించి పడుకుంది. నేను కాలు తీసేసుకున్నాను. ప్యాంటంతా బొచ్చు.

బల్లమీద మూడు రకాలు పెట్టాడు వాడు. ఒకటి పొడి, ఒకటి బిళ్ళలు, ఒకటి చేపనూనె. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని మూడూ తిప్పితిప్పి చూసి, చివరికి నా వైపు తిరిగింది. “నీదైతే ఏది పెడతావయ్యా?”

“మా బావగారినడక్కండమ్మా. ఆయన చదువు డబ్బామీద బొమ్మ దగ్గరే ఆగిపోయింది,” అన్నాడు వాడు.

కంచె మీంచి గంతేస్తున్న కుక్క బొమ్మ ఉన్న పొడిడబ్బా ఆవిడ చేతిలో పెట్టాను. కారణమేం లేదు. చేతికి దగ్గరగా ఉంది.

వాడు మేనేజరుని షాపు ముందు అటూ ఇటూ నడిపించి ఫోనులో వీడియో తీశాడు. కుడికాలు నేలకి ఆనీ ఆనకుండా, నడుం ఒక పక్కకి ఎగరేస్తూ నడిచింది. ‘ముందు’ అయిపోయింది.

ఎండలు తగ్గి వానలు పట్టేసరికి టైలరమ్మ మళ్ళీ వచ్చింది. మనిషి మొహం వెలిగిపోతోంది. “చూడు బాబూ, నీ చేతి చలవ. వీడి నడక చూడు.”

మేనేజరు నడిచింది. నెమ్మదిగా, తల కిందికి దించుకుని. కానీ కుంటు లేదు. నడుం ఎగరడం లేదు. రెండు వెనక కాళ్ళూ ఒకేలా పడుతున్నాయి. బావమరిది ఫోను తీశాడు. టైలరమ్మ పమిటతో కళ్ళొత్తుకుంది. నాక్కూడా, నిజం చెప్పొద్దూ, ఆ డబ్బామీద కాస్త గౌరవం పుట్టింది.

ఆవిడ ఇల్లు మారే రోజున వాడు నన్ను తోడు పంపాడు. దయతో కాదు. “మెట్లెక్కుతుంటే తియ్యండి బావగారూ. ఫోను అడ్డంగా పట్టుకోండి, మీ తెలివి ఉపయోగించకండి,” అన్నాడు.

కుట్టుమిషను నాలుగో అంతస్తుకి నేనే మోశాను. నేను కిందికొచ్చేసరికి అల్లుడు తాళాల గుత్తి వేలికి తిప్పుకుంటూ నిలబడ్డాడు. “అత్తయ్యా, మీరు పైనుంచి పిలవండి. మీరు పక్కనుంటే గారాలు పోతుంది.”

ఆవిడ ఎక్కి, మొదటి మలుపు దాటి, పైనుంచి పిలిచింది. మేనేజరు చెవులు లేచాయి. ముందు కాళ్ళు మెట్టుమీద వేసి, ఒళ్ళంతా ముందుకి గుంజి, వెనక సగాన్ని ఈడ్చుకుని పైకి తెచ్చుకుంది. మళ్ళీ పైమెట్టు. నేను ఫోను అడ్డంగానే పట్టుకున్నాను. మొదటి మలుపు దాకా అలా వచ్చింది. అక్కడ వెనక కాళ్ళు రెండూ వణికాయి. కూలబడింది.

“లేపండి,” అన్నాడు అల్లుడు.

టైలరమ్మ కిందికి దిగొచ్చింది. “లే నాన్నా. ఇంకాస్తే.”

అది ఆవిడ చేతిని నాకింది. లేవలేదు.

“కుంటే లేదన్నారుగా,” అన్నాడు అల్లుడు. “వీడియో కూడా పంపారు. కాలు బాగుంటే ఎందుకెక్కదు మరి? ఒళ్ళు బరువు.”

నాకూ అలాగే అనిపించింది.

ఆవిడకీ అనిపించినట్టుంది. అన్నేళ్ళలో దాన్ని పల్లెత్తు మాటన్న మనిషి కాదు. మెళ్ళో వేలాడుతున్న కొలతటేపు తీసి మడిచి దాని వీపుమీద కొట్టింది. “లేవరా. నాటకాలు నా దగ్గరా? బాగయ్యావు కదరా. బాగయ్యి కూడా నన్నిలా చేస్తావా?” మళ్ళీ కొట్టింది. అది మొరగలేదు. లేవబోయింది, కాళ్ళు జారాయి, ఆవిడ పాదాలమీద తల పెట్టింది.

సామాను తెచ్చిన బండి ఇంకా కిందే ఉంది. ఎక్కని కుక్కని దింపడానికి మాత్రం అల్లుడు చెయ్యి సాయం చేశాడు. ముందు వైపు అతను, వెనక వైపు నేను. తొడలు పట్టుకున్నాను. రెండూ ఎండుకర్రల్లా ఉన్నాయి, కండన్నది లేదు. బండి పశువుల ఆస్పత్రి వైపు వెళ్ళింది. టైలరమ్మ చూడ్డానికి కిందికి రాలేదు. కోపం తగ్గలేదామెకి.

షాపుకొచ్చి బావమరిదికి జరిగింది చెప్పాను. వాడు బిల్లుబుక్కు లోంచి తలెత్తలేదు.

“రెండో కాలు కూడా పోయినట్టుంది.”

“కుంటు తగ్గింది కదా?”

“కుంటాలంటే ఒక్క కాలైనా బాగుండాలి బావగారూ. రెండూ పోతే దేనిమీద వాలుతుంది? తిన్నగా నడుస్తుంది.” పేజీ తిప్పాడు. “చాలావాటికి అంతే.”

నేను టీవీ వైపు చూశాను. కుడి సగంలో కుక్కలు వరసగా, తిన్నగా, తలలు దించుకుని నడుస్తున్నాయి.

“ఎంతవరకు ఎక్కింది?” అన్నాడు.

“మొదటి మలుపు.”

“చాలు. కూలబడ్డ చోట వీడియో కోసేద్దాం.”

కొన్నాళ్ళకి టైలరమ్మ వచ్చింది. చేతిలో పొడిడబ్బా, సగం మిగిలింది. “పారెయ్యబుద్ధి కాలేదు బాబూ. ఎవరైనా లేనివాళ్ళ కుక్కకి ఇవ్వు.” వాడు రెండు చేతులా అందుకున్నాడు. మీది మంచి మనసమ్మా అన్నాడు. ఆవిడ వెళ్ళబోతూ టీవీ దగ్గర ఆగిపోయింది. అందులో మేనేజరు మెట్లెక్కుతోంది.

“చూశావా,” అంది నాతో. “ఎక్కగలడు. నాకు తెలుసు ఎక్కగలడని. నా దగ్గరే మొండికేశాడు.”

నేను స్టూలు జరిపాను. ఆవిడ కూర్చుని, మిగతా కుక్కలన్నీ నడిచిపోయి మేనేజరు మళ్ళీ వచ్చేదాకా ఎదురుచూసింది.