రెండు గొడుగు దెబ్బలు

బేబమ్మ మందు ముట్టదు, ముట్టినవాళ్ళని మెచ్చదు. అయినా యానాంలో గోదావరి ఒడ్డునున్న బార్ అండ్ రెస్టారెంటులో మూడేళ్ళుగా వంట ఆవిడదే. ఆవిడ చేతి రొయ్యల వేపుడు కోసం ద్రాక్షారామం నుంచీ కాకినాడ నుంచీ బళ్ళేసుకుని వస్తారు. పైకి మాత్రం మందు చవకని వచ్చామంటారు. లూథరన్ చర్చిలో ఎవరైనా మూతి తిప్పితే ఊరుకునే రకం కాదు ఆవిడ. "నేను వేపేది రొయ్యలండి, పాపాలు కాదు," అనేస్తుంది. నోరు అలాంటిది. ఆ నోటికి తోడు చెయ్యి కూడా దురుసే. ఆ రెండింటి వల్లే మూడేళ్ళుగా ఒక బాధ ఆవిడ గుండెల్లో ముల్లులా ఉండిపోయింది.

అప్పట్లో ఆవిడా, కూతురు ఆశాజ్యోతీ గోదావరి మధ్య లంకలో ఉండేవారు. భర్త జీవరాజు బతికినన్నాళ్ళూ పెళ్ళి బ్యాండులో ట్రంపెట్ వాయించి, అంతకు రెండేళ్ళ ముందే పోయాడు. అల్లుడు పని మీద హైదరాబాదులో ఉన్నాడు. ఆ ఏడు వరద లంకని చుట్టుముట్టిన పొద్దునే, నెలలు నిండిన ఆశాజ్యోతికి నొప్పులు మొదలయ్యాయి. పడవ ఇంటి దాకా రాలేదు. మిలటరీవాళ్ళు ఇద్దరొచ్చి పిల్లని స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, మోకాలి లోతు బురదలో గట్టు మీదుగా రేవుకి బయల్దేరారు. పక్కన గొడుగు పట్టుకుని బేబమ్మ.

ఆ ఇద్దరి నడకా చూస్తే ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ముందువాడు ఎడమ కాలేస్తే వెనకవాడు కుడి కాలేస్తున్నాడు. పెళ్ళి ఊరేగింపులో మా ఆయన బ్యాండు కూడా ఇంతకన్నా ఒద్దికగా నడిచేదే, జీతాలు తీసుకునే మిలటరీవాళ్ళకి ఆమాత్రం రాదా అనుకుంది. అనుకుని ఊరుకుంటే ఆవిడ బేబమ్మ ఎందుకవుతుంది? "అడుగు కలపండ్రా, పిల్ల పడిపోద్ది," అని అరిచింది. వాళ్ళు వినలేదు. దాంతో గొడుగు మూసి వెనకవాడి వీపు మీద రెండు అంటించింది.

అతను ఒక్కసారి తల తిప్పి చూసి, మళ్ళీ అదే అడుగులో నడిచాడు. అప్పుడు కనిపించింది ఆవిడకి, అతని పై పెదవి మీద ఉంగరం అచ్చులాంటి మచ్చ. జీవరాజుకీ సరిగ్గా అక్కడే ఉండేది. ఏళ్ళ తరబడి ట్రంపెట్ మూతికి నొక్కిపెట్టి ఊదితే పడే మచ్చ అది. ఇతనెవరో బ్యాండు మనిషే అనుకునేలోపు రేవు వచ్చేసింది. తల్లీకూతుళ్ళని పడవెక్కించి, ఖాళీ స్ట్రెచర్‌తో వాళ్ళిద్దరూ ఇంకో ఇంటికి పరిగెత్తారు. గంటన్నరకి యానాం ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. మెర్సీ అని పేరు పెట్టుకున్నారు.

ఒళ్ళు చల్లబడ్డాక గానీ బేబమ్మకి తను చేసిన పని తెలిసిరాలేదు. కన్నకూతుర్ని మోసినవాడికి చేతులెత్తి దండం పెట్టాల్సింది పోయి కొట్టింది. పాస్టరుగారి దగ్గర చెప్పుకుని ఏడ్చింది. దేవుడు ఎప్పుడో క్షమించేశాడమ్మా అన్నారాయన. "దేవుణ్ణి కొట్టలేదు కదండి. కొట్టింది ఆ అబ్బాయిని," అంది బేబమ్మ.

ఈ మే నెలలో ఊరంతా ఫ్లెక్సీలు కట్టారు. శనివారం సాయంత్రం ఆరింటికి గోదావరి గట్టు మీద మిలటరీ బ్యాండు, అందరికీ ప్రవేశం ఉచితం. అది చదివిన దగ్గర్నుంచి బేబమ్మకి కాలు నిలవలేదు. వేదిక కూడా సరిగ్గా బార్ తోటకి ఎదురుగానే వేశారు.

"ఓ పావుగంట వదలండి బాబుగారండి, వాళ్ళ మొహాలు చూసి వచ్చేస్తాను," అని యజమాని ఉదయ్‌భాస్కర్‌ని అడిగింది.

"ఇవాళ నువ్వు పొయ్యి వదిలితే నా కొంప మునుగుద్ది బేబమ్మా. తోటలో ముప్పై టేబుళ్ళు వేయించాను. కిటికీలోంచి విను, నీకు టికెట్టు లేదులే," అన్నాడాయన నవ్వుతూ.

కిటికీలోంచి వినపడుతుంది గానీ పెదవి మీద మచ్చ కనపడుతుందా? అందుకని కూతురికి కబురు పెట్టింది. వెల్లకిలా పడుకుని దారంతా అతని మొహమే చూసిన మనిషి ఆశాజ్యోతి. తనైతే ఇట్టే పోల్చుకుంటుంది. బ్యాండు బస్సు ఎనిమిదింటికల్లా వైజాగ్ వెళ్ళిపోతుందట. ఈ సాయంత్రం దాటితే మళ్ళీ ఏ జన్మకో.

ఎండ దిగి గోదావరి మీంచి గాలి మొదలయ్యేసరికి తోట నిండిపోయింది. కోడిపకోడీ, చేపవేపుడు, ఉల్లిపాయలు చల్లిన శనగలు, ఆమ్లెట్లు, ఒక ప్లేటు వెళ్ళేలోపు మూడు ప్లేట్లకి కేక. బయట పెద్ద డ్రమ్ము మోగింది. ఇత్తడి బాకాలన్నీ ఒక్కసారి లేచాయి. మూకుడు ముందు నిలబడ్డ బేబమ్మకి ఒళ్ళు జలదరించింది. అంత శుభ్రమైన ట్రంపెట్ మా ఆయన వింటే ఎంత మురిసిపోయేవాడో అని కళ్ళు చెమ్మగిల్లాయి.

మూడో పాట అవుతుండగా ఆశాజ్యోతి మెర్సీని చంకనేసుకుని వంటగది వెనక గుమ్మంలోకి వచ్చింది.

"లేడమ్మా. రెండుసార్లు అటూ ఇటూ తిరిగి మరీ చూశాను. అందులో ఆయన లేడు."

"సరిగ్గా చూశావా?"

"ఆ మొహం మర్చిపోతానా?"

బేబమ్మ రొయ్యలు తిరగేసింది. ఎన్ని బ్యాండులుంటాయో మిలటరీలో, తన పిచ్చి గానీ. అయినా ఆశ చచ్చినప్పుడు కలిగే నొప్పి మామూలుది కాదు. గరిటె పక్కన పడేసి గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

అప్పుడు వినిపించింది ఆవిడకి, క్లారినెట్ ఒకటి జారడం. వెంటనే ట్రంపెట్ కూడా తడిసినట్టు పలికింది. ఇంత మంచి బ్యాండుకి ఇదేం పోయేకాలమని కిటికీలోంచి తొంగిచూసి నెత్తి కొట్టుకుంది. ముందు వరసలో నాలుగు టేబుళ్ళ మీదా ఉప్పూకారం అద్దిన పచ్చిమామిడి ముక్కలు. బ్యాండుకి ఎదురుగా కూర్చుని జనం చప్పరిస్తూ, పళ్ళు పులిసి మొహాలు వంకర్లు తిప్పుతున్నారు. చూస్తూ ఊదేవాళ్ళ నోట్లో నీళ్ళూరక ఏమవుతుంది? సన్నాయివాడి ఎదుట చింతకాయ కొరికితే ఏమవుతుందో ఈ గోదావరి జిల్లాల్లో పసిపిల్లలకి కూడా తెలుసు. పైగా ఆ ముక్కలు మధ్యాహ్నం కూర్చుని కోసింది తనే.

బేబమ్మ పొయ్యి ఆపి, కొంగు బిగించి తోటలోకి నడిచింది. ఒక్కో టేబులు దగ్గరా ప్లేటు లాగేసుకుంది. "ఏంటండీ ఇది, డబ్బులిచ్చాం," అన్నాడొకాయన.

"ఇచ్చారండి, కాదనలేదు. బదులుగా చేపముక్క పంపిస్తాను. వాళ్ళు ఊదుకోవాలి కదండి పాపం."

ఉదయ్‌భాస్కర్ కౌంటరు దగ్గర్నుంచి గుడ్లురిమాడు. బ్యాండు వరసలో చివరి ట్రంపెటర్ మాత్రం అంతా చూసి, ఊదుతూనే కళ్ళతో నవ్వాడు. ఆ తర్వాత ఒక్క స్వరం జారలేదు.

ఏడున్నరకి కచేరీ అయిపోయింది. చప్పట్లు ఇంకా ఆగకముందే ఆ ట్రంపెటర్ వంటగది వెనక్కి వెతుక్కుంటూ వచ్చాడు. ముప్పై ఐదేళ్ళుంటాయి. పై పెదవి మీద మచ్చ ఉంది గానీ మనిషి వేరు.

"ఆ మామిడికాయ ప్లేట్లు తీయించినందుకు థాంక్స్ చెప్దామని వచ్చేనమ్మా. మా పరువు నిలబెట్టేసినారు. నా పేరు గణేష్‌బాబు, మాది శ్రీకాకుళం."

తెలుగువాడు కావడంతో బేబమ్మకి ప్రాణం లేచివచ్చింది. చేపవేపుడు ప్లేటు చేతిలో పెట్టి, స్టూలు మీద కూర్చోబెట్టి, వరద సంగతి మొత్తం చెప్పేసింది. గొడుగు దెబ్బలు కూడా దాచలేదు. "నీకు తెలిసినవాడేమో చూడు బాబూ. తప్పయిందని ఒక్క మాట చెప్పాలి. నాకు ఇంకేం వద్దు," అంది.

అతను తినడం ఆపి అడిగాడు. "అడుగు కలపలేదనా కొట్టేరు?"

"ఆయ్."

"స్ట్రెచర్ మోసినప్పుడు కలపకూడదమ్మా. ఇద్దరూ ఒకే అడుగేస్తే ఉయ్యాల్లాగ ఊగిపోతాది, పడుకున్నోళ్ళకి నరకం. అందుకే ఒకడు ఎడమ, ఒకడు కుడి. బ్యాండోళ్ళం కదా, మా కాళ్ళు వాటంతటవే కలిసిపోతాయి. విడదీయడానికి నెలలు పట్టింది నాకు. యుద్ధమొస్తే మా చేతుల్లో బాకాలుండవమ్మా, స్ట్రెచర్లే ఉంటాయి."

బేబమ్మ అక్కడే గుమ్మంలో కూలబడిపోయింది. తన కూతురికి కుదుపు తగలకూడదని ఆ అబ్బాయి అంత కష్టపడి నడిస్తే, దానికే కొట్టింది.

"ఏడవకండమ్మా. నేనూ మోసినాను, వేరే రాష్ట్రంలో," అన్నాడు గణేష్‌బాబు నెమ్మదిగా. "అదీ వరదే. ఒక ముసలాయన, గుండెనొప్పి. మూడు కిలోమీటర్లు నా మణికట్టు పట్టుకునే ఉన్నాడు. అంబులెన్సులో పెట్టేసి వెనక్కొచ్చేసినాం. బతికేడో లేదో తెలీదు. దింపేసినాక ఏటైందో మాకెవులూ చెప్పరమ్మా. ఐదేళ్ళయింది. పేరు కూడా తెలీదు, ఎవుల్ని అడుగుతాను?"

బేబమ్మ కొంగుతో మొహం తుడుచుకుని అతని వైపు తిరిగింది. మూడేళ్ళుగా తన తప్పు గురించే ఏడ్చింది గానీ, ఈ సంగతి ఆవిడకి తట్టనే లేదు. రెండు దెబ్బలు ఆ అబ్బాయి మర్నాటికే మర్చిపోయి ఉంటాడు. నొప్పులతో మెలికలు తిరుగుతున్న ఆ పిల్ల ఏమైందో మాత్రం మర్చిపోయి ఉండడు.

"జ్యోతీ, పిల్లని ఇలా తే," అంది.

ఆశాజ్యోతి మెర్సీని తెచ్చి అతని ముందు నిలబెట్టింది. "ఇదిగో బాబూ. ఆ రోజు ఇది వాళ్ళమ్మ కడుపులో ఉంది, అదే స్ట్రెచర్ మీద. వాళ్ళమ్మ ఇదిగో, నిక్షేపంలా ఉంది. ఈ కబురు ఎలాగైనా అతనికి చేర్చు," అంది బేబమ్మ.

గణేష్‌బాబు ముందుకి వంగి ఆ పిల్లని చూశాడు. "అయితే ఇద్దర్ని మోసేరన్నమాట," అని గొణుక్కున్నాడు. తర్వాత ఫోను తీసి తల్లినీ పిల్లనీ ఫొటో తీశాడు. "బ్యాండోళ్ళకి వాట్సాప్ గ్రూపుందమ్మా, అన్ని రెజిమెంట్లోళ్ళూ ఉంటారు. పెడతాను. ఎవుడో ఒకడు నేనే అంటాడు. కింద ఏటి రాయమంటారు?"

"తల్లీ బిడ్డా క్షేమం అని రాయి. లంక పేరు రాయి. కొట్టినావిడ దండం పెడుతోందని కూడా రాయి."

అతను ఎడమ చేత్తో ఒక్కో అక్షరం నొక్కుతూ రాశాడు. బయట బస్సు హారన్ మోగింది. లేవబోయి ఆగాడు.

"మా ముసలాయన కూడా ఉండే ఉంటాడమ్మా."

"ఉంటాడు బాబూ. నీకు చెప్పడానికి ఎక్కడో వెతుక్కుంటూనే ఉంటాడు. అందాకా ఆయన బదులు నేను పెడుతున్నాను, తీసుకో," అని బేబమ్మ లేచి నిలబడి, నూనె మరకల చేతులు రెండూ జోడించింది.

గణేష్‌బాబు ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని, రెండో చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. బస్సు మళ్ళీ హారన్ కొట్టింది గానీ అతను వెంటనే కదల్లేదు.