నోటీసులో లేని గడ్డి

ఎనభై ఒకటిలో దేముడమ్మకి ఐదు పెయ్యదూడలు, ఎకరం గడ్డినేల మిగిలాయి. నేల మిగిలిందనుకోవడమే తప్ప, అదీ కొత్తగా కడుతున్న ఉక్కు ప్లాంటు కిందికి పోయింది. కంచె స్తంభాలు వరసగా వచ్చి ఆమె గట్టు దగ్గర ఆగాయి. ఊళ్ళో మిగతావాళ్ళు పశువుల్ని తెగనమ్మేసి ఆటోనగర్‌లో పనులకి కుదురుకున్నారు. ఈవిడ మాత్రం మొండికేసింది.

ఆ మొండితనం మామూలుది కాదు. వానాకాలమంతా పెయ్యల్ని సగం నేలలోనే మేపింది. గూటాలకి కట్టి, రోజూ పలుపు పొడుగంత జరుపుతూ, తిరిగి మొదటి చోటికి వచ్చేసరికి అక్కడ గడ్డి లేచేలా చూసుకుంది. రెండో సగంలో ఒక్క మూతి పెట్టనివ్వలేదు. వేసవికి ఎండుగడ్డి కావాలంటే అంతే మరి.

"మనది కాని నేలకి కాపలా ఏటి ఒదినా?" అని మరిది గవర్రాజు నవ్వాడు. నవ్వితే నవ్వాడు, గడ్డి నడుమెత్తు పెరిగింది.

కార్తీకం వెళ్ళగానే కోత మొదలుపెట్టింది. సగం కోసేసరికి కంచె పని చూసే శ్రీరామ్మూర్తి వచ్చాడు. కృష్ణాజిల్లా మనిషి, నెమ్మదస్తుడు.

"ఆపండమ్మా. ఇది ప్లాంటు గడ్డి."

దేముడమ్మ కొంగుముడి విప్పి, నేల తీసుకుంటూ ప్లాంటువాళ్ళిచ్చిన నోటీసు తీసి అతని చేతిలో పెట్టింది. "సదువు బాబూ."

తీసుకున్నవాటి జాబితా అతను పైకి చదివాడు: భూమి, నుయ్యి, పాక, రెండు తాడిచెట్లు.

"గడ్డెక్కడ రాసినారు?"

ఆ పెద్దమనిషి కాగితం తిప్పి వెనకవైపు కూడా చూశాడు. దాంతో దొరికిపోయాడు. "సరే, రేపు సాయంత్రం కంచె మూసేస్తాం. ఈలోగా తీసుకుపోండి" అన్నాడు.

కోసినదాన్ని కోసినట్టే మేటు వేసేద్దామన్నాడు గవర్రాజు. దేముడమ్మకి ఒళ్ళు మండింది. "పచ్చిది మేటేత్తే లోపల ఉడికి బూజట్టిపోద్ది. అది తిని పెయ్యలు సత్తాయి."

మంచు కురిసే నేల మీద రెండు ఎండలు కావాలి. చేతిలో ఉన్నది ఒక్కటే. మిగతా సగం ఆ రాత్రికే కోసేసి, తెల్లారగానే గడ్డంతా మోయించి, ప్లాంటుకి వేసిన తారు రోడ్డు మీద పల్చగా పరిచింది. సిమెంటు లారీలు బారులు తీరాయి. హారన్లతో చెవులు చిల్లులు పడుతున్నా ఆవిడ కర్రతో గడ్డి తిరగేస్తూనే ఉంది.

శ్రీరామ్మూర్తి పరుగున వచ్చాడు. "రోడ్డమ్మా ఇది."

"మీకు రోడ్డు. దీని కింద ఉన్నది మా కళ్ళం. నాను కాపరానికొచ్చిన కాడ్నుంచీ ఇక్కడే ఆరబెడతన్నాను. పొద్దుగూకాక తీత్తాను."

ముందున్న లారీ డ్రైవరు దిగి, ఒక పరక విరిచి చూశాడు. అది ఇంకా వంగుతోంది. "ఆరలేదు" అని, బండిని రోడ్డు దించి బురదలోంచి పోనిచ్చాడు. వెనకవాళ్ళూ తిట్టుకుంటూ అతని వెంటే దిగారు.

సాయంత్రానికి పరకలు ఫెళఫెళ విరిగాయి. నేలలు పోయినవాళ్ళ కాలనీలో ఇంటికని ఆమెకిచ్చిన జాగా జానెడు. దాని నడిమధ్య రాళ్ళు పరిచి, చెమ్మ తగలకుండా మేటు వేసింది. చుట్టూ ఐదు గూటాలు దిగేసింది. ఇక పాకకి చోటు లేదు.

"మరి నువ్వెక్కడుంతావొదినా?" అన్నాడు గవర్రాజు. ఈసారి నవ్వలేదు.

దేముడమ్మ ఆఖరి పెయ్యని కట్టి, మేటుకి ఆనుకుని కూర్చుంది.

"ఏసంగి ఎల్లేదాకా ఈటి పక్కనే. ఎవుడొచ్చి లెగమంటాడో రానీ."