నాలుగింటి నీసు

జన్మలో నీసు ముట్టని డాక్టరు భానుమూర్తిగారు, మా ఆయనకి ఇకనుంచి నీసు తప్ప ఇంకేమీ పెట్టొద్దన్నారు.

నూజివీడులో ఆయన ఆస్పత్రి బల్ల మీద మా ఆయన కుడికాలు చాపుకుని కూర్చున్నారు. మా ఆయన పేరు నేను నోటితో పలకను. రాస్తే తప్పులేదు కాబట్టి రాస్తున్నాను, శ్రీమన్నారాయణ. మామిడి పూత రాలే రోజుల్లో తోటలో ఎండుపుల్ల ఒకటి బొటనవేలికి గుచ్చుకుంది. గోరంత దెబ్బ. కాయ దిగే రోజులొచ్చినా మానలేదు సరికదా, చుట్టూ నల్లబడింది.

"షుగరు దిగితేగానీ ఇది మానదమ్మా," అన్నారు డాక్టరుగారు నావైపు తిరిగి. "మానకపోతే వేలు తియ్యాలి. అప్పటికీ దిగకపోతే పాదం దాకా వస్తుంది. బిళ్లలు ఎలాగూ వాడతాం. దాంతోపాటు అన్నం వద్దు, రొట్టె వద్దు, పప్పు వద్దు, పండు అసలే వద్దు. మాంసం, చేప, గుడ్డు. అంతే. ఇంగ్లీషు పత్రికలో చదివాను, కొందరికి బాగా పనిచేస్తోందట."

"మరి నాలుగింటికి ఏం పెట్టమంటారండీ?"

ఆయన ఈ ప్రశ్న ఊహించినట్టు లేరు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అదేనమ్మా, మాంసంలోనే ఏదైనా లైటుగా."

"మాంసంలో లైటుగా ఏముంటుందండీ?"

"అది మీకే తెలియాలి. ఆ వంటలు నేనేం ఎరుగుదును?" అన్నారు పాపం, నిజాయితీగా.

మాది రెడ్డిగూడెం దగ్గర మామిడితోట. నేను పుట్టింది మాత్రం ఉంగుటూరు వరిచేల మధ్య. అన్నం లేని కంచం మా పుట్టింట్లో ఎవరూ చూసి ఉండరు. అయినా మధ్యాహ్నం, రాత్రి ఎలాగో నెట్టుకొచ్చాను. అన్నం ఉండాల్సిన చోట కూర పెట్టి, కూర ఉండాల్సిన చోట ఇంకో కూర పెడితే అదే భోజనం. చిక్కంతా నాలుగింటికే వచ్చింది. పొద్దుట్నుంచి తోటలో కూర్చున్న మనిషికి నాలుగయ్యేసరికి ఏదో ఒకటి కరకరలాడాలి. జంతికలు, చేగోడీలు, పునుగులు, గతిలేకపోతే అటుకులు. ఆలోచించి చూస్తే మన చిరుతిండంతా పిండే. అందులోంచి పిండి తీసేస్తే మిగిలేది నూనె.

మొదట గుడ్లు ఉడకబెట్టి మిరియాలపొడి చల్లి పంపాను. కొన్నాళ్లకి గుడ్డు కనిపిస్తే చాలు, మొహం పక్కకి తిప్పుకున్నారు. కోడి కార్జం నిప్పుల మీద కాల్చి పంపాను. బాగుందన్నారు. బాగుంది కదా అని మర్నాడూ అదే పంపితే డబ్బా తిరిగొచ్చింది. కైమా ఉండలు చేశాను. శనగపప్పు వేస్తే షుగరు, వెయ్యకపోతే ఉండ నిలవదు. గుడ్డుసొన కలిపి చూస్తే మూకుట్లోనే విచ్చుకుని చిందరవందరైపోయాయి. నేనూ పొయ్యి ముందు కూర్చుని కాసేపు ఏడ్చాను. కైమా కోసం ఏడ్చిన ఆడది మా వంశంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

కొల్లేటివైపు నుంచి వెంకాయమ్మ ఎండుచేపల తట్ట పట్టుకొచ్చేది. ఎండు రొయ్యలు వేయించి ఉప్పూకారం చల్లి పంపితే నాలుగు రోజులు సంబరంగా తిన్నారు. ఆ వాసనకి మా అత్తయ్య సుబ్బరత్నమ్మగారు దేవుడి గదిలోకి వెళ్లి తలుపేసుకునేవారు. మామగారు పోయినప్పట్నుంచీ ఆవిడ నీసు మానేశారు. అందుకని నీసు పొయ్యి పెరట్లో, ఆవిడ పొయ్యి ఇంట్లో. రెండు పొయ్యిల మధ్య తిరిగే కాళ్లు మాత్రం నావే.

పైగా శనివారాలు. మా ఇంట్లో శనివారం గుడ్డు కూడా గడప దాటి రాదు. వెంకటేశ్వరస్వామితో ఏం బేరం పెట్టాలో తెలియక నేను కొట్టుకుంటుంటే, అత్తయ్యే అన్నారు. "అమ్మాయ్, వాడి శనివారాలు నేను చేస్తాలే. ఒంటిపూట ఎలాగూ ఉంటున్నా. రెండో పూట కూడా మానేస్తే అది వాడి లెక్కలోకి పోతుంది. నువ్వు పెట్టెయ్." డెబ్భై దాటిన మనిషి, కొడుకు కోడికూర తినడానికి ఆవిడ పస్తుండేవారు. ఆవిణ్ణి చూస్తే జాలేసేది. శనివారం వస్తోందంటే నాకు భయమేసేది.

ఇంత చేసినా షుగరు దిగలేదు.

రోజూ పొద్దున్నే అరుగు మీద స్పిరిట్ దీపం వెలిగించి, గాజు గొట్టంలో డాక్టరుగారిచ్చిన నీలం మందు పోసి, అందులో ఆయన ఒంటికి పోసుకున్నది కొన్ని చుక్కలు వేసి మరిగించేదాన్ని. నీలంగానే ఉంటే షుగరు లేనట్టు. ఆకుపచ్చకి తిరిగితే కొంచెం, పసుపైతే ఎక్కువ. మాది ఎప్పుడూ ఇటుకరంగే. మరిగి మరిగి ఆ నీలం ఎర్రబడగానే దీపం ఆర్పి గొట్టం కడిగేసేదాన్ని. పుండు అంచు రోజుకింత పాకుతోంది. కట్టు మార్చేటప్పుడు ఆయన అటు తిరిగి రేడియో పెంచుకునేవారు.

"ఇంట్లో ఎవరో ఏదో పెడుతున్నారమ్మా," అన్నారు డాక్టరుగారు. ఆయన ఎవరో అన్నా, చూపు నామీదే ఉంది. నేను కూరలో చింతపండు మానేశాను. ఉల్లిపాయ మానేశాను. వేపుళ్లలో చిటికెడు బియ్యప్పిండి వేస్తానా, అదీ మానేశాను. అత్తయ్య చాటుగా అరిసె ముక్క ఏమైనా పెడుతున్నారేమోనని అడిగితే ఆవిడ పూజగది గడప మీద ఒట్టేసి, ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. మా ఆయన్ని అడిగితే ఆయనా ఒట్టే. పాలేరు డేవిడ్ రాజుని అడిగితే వాడు ఏసుప్రభువు మీద ఒట్టు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం.

నాకు విసుగు పుట్టింది. కోపం కూడా కాదు, ఒట్టి విసుగు. నిద్ర లేవగానే ఇవాళ నాలుగింటికి ఏంటన్నదే మొదటి ఆలోచన. ఊరంతా మామిడిపళ్ల వాసన. నా చేతులకి మాత్రం ఎప్పుడూ ఎండుచేపల వాసనే.

రోజూ నాలుగింటి డబ్బా పట్టుకెళ్లేది డేవిడ్ రాజు. ఆవేళ వాడు బండి తోలుకుని నూజివీడు వెళ్లాడు. ఎండలో నేనే బయల్దేరాను. డబ్బాలో బొమ్మిడాయి చేప ముక్కలు, ఉప్పూ పసుపూ తప్ప ఇంకేమీ తగలకుండా వేయించినవి. పొడి వేపుడు కుదిరిందని ఆ దారిలో కాస్త గర్వపడ్డాను కూడా.

తోటలో పాక ముందు నులకమంచం మీద ఆయన కూర్చుని ఉన్నారు. కట్టుకట్టిన కాలు బోర్లించిన గంప మీద. నోట్లో రసం పండు. రసం మణికట్టు మీదుగా మోచేతిదాకా కారుతోంది. మంచం కింద టెంకలు, తొక్కలు, వాటి మీద ఈగలు.

ఆయన నన్ను చూసి కంగారు పడలేదు. పండు పూర్తిగా చీకి, టెంక కింద పడేశారు.

"ఏంటండీ ఇది?"

"ఏంటేంటి? నూజివీడు వాళ్లు బేరానికొచ్చి ఇప్పుడే వెళ్లారు. రుచి చూపించొద్దా?"

"వాళ్లకి చూపించండి. మీరెందుకు తినడం?"

"తిన్నానని ఎవరన్నారు? రుచి చూశా. రుచి చూడ్డం తినడం ఎలా అవుతుందే? అది పని."

ఆయన అబద్ధమాడటం లేదు. అది ఆయన మొహంలోనే తెలుస్తోంది. నేను పక్కన మట్టిలోనే కూర్చున్నాను. మావైపు పద్ధతి అది. చెట్టుకో కుప్పగా పాకలో వరిగడ్డిలో పళ్లు మాగేసి ఉంచుతారు. కొనేవాడు ఏ చెట్టు చూపిస్తే ఆ కుప్పలోంచి పండు తీసి, తోట గలవాడు ముందు తాను నోట్లో పెట్టుకోవాలి. ఆ తర్వాతే కొనేవాడు ముట్టుకుంటాడు. రోజుకి ఎంతమంది వస్తారో, ఎన్ని చెట్లు చూపిస్తారో, నేను పెరట్లో పొయ్యి ఊదుకుంటూ ఒక్కసారి కూడా ఆలోచించలేదు. పెళ్లయినప్పట్నుంచీ చూస్తున్న పద్ధతే, అయినా తట్టలేదు. నాకూ అది తిండిలా కనిపించలేదు మరి.

"పండు ముట్టలేదని నా ముందు ఒట్టేశారు కదండీ!"

"ముట్టలేదుగా. ఇంట్లో పళ్లెంలో పెట్టుకుని తిన్నానా? నేను నోట్లో పెట్టుకోకుండా నువ్వు తినవయ్యా అంటే, పండులో ఏదో ఉందనుకుంటాడు. మా నాన్న రోజుల్నుంచీ ఈ తోటకి నోటిమాటే పరువు."

"పరువుంటుందండీ, పాదమే ఉండదు!" అని అరిచాను. "పెరట్లో ఆ పొగలో చచ్చేది నేను. ఆ ముసలావిడ మీ పేరు చెప్పి పస్తులుంటోంది. మీరిక్కడ పని చేస్తున్నారా?"

అప్పుడే చింతలపూడి వ్యాపారి నారాయణరావు మోపెడ్ దిగి వచ్చాడు. మొహం బాగాలేదు. నన్ను చూసి, "బాగున్నారా అక్కయ్యగారూ," అని, మా ఆయన వైపు తిరిగాడు.

"శ్రీమన్నారాయణగారూ, చెప్పడానికి నాకే మొహమాటంగా ఉందండీ. మొన్న కంచె వార చెట్ల కాయ తోలించుకెళ్లాను. పులుపండీ. బజార్లో నోట్లో పెట్టుకున్నవాళ్లు ఉమ్మేస్తున్నారు. తేనంటే తేనన్నారు మీరు. మీ నోటిమాట మీద నేను సరిగ్గా చూసుకోలా."

"పులుపా? కంచె వారవా?" మా ఆయనకి కోపం వచ్చింది. గంప మీంచి కాలు దించి, కుంటుతూ పాకలోకి వెళ్లి ఆ కుప్పలోంచి మూడు పళ్లు తెచ్చారు. నేను వద్దనేలోపే ఒకటి కొరికారు. కళ్లు మూసుకుని మింగారు. "పంచదారయ్యా! ఏం మాట్లాడుతున్నావు?"

నారాయణరావు ఒకటి కొరికి మొహం చిట్లించాడు. నావైపు చూశాడు. మూడో పండు నేను తీసుకున్నాను. పళ్లు జివ్వుమన్నాయి. పప్పులో వేసుకోవాల్సిన పులుపు.

"ఎలా ఉంది?" అన్నారాయన.

"పులుపేనండీ."

ఆయన చేతిలో మిగిలిన పండుని తిప్పి చూసుకున్నారు. మళ్లీ కొరకబోయి ఆగారు. ఆకలి రుచి ఎరగదంటారు. ఎండాకాలమంతా కంచంలో గుడ్డూ, మాంసం, ఎండుచేపా తప్ప ఎరగని నాలుకకి ఏ పండైనా పంచదారే. ఆ సంగతి నాకు అర్థమయ్యేసరికి ఆయనకీ అర్థమైంది. ముప్ఫై ఏళ్లుగా నూజివీడు నుంచి చింతలపూడి దాకా వ్యాపారులు నమ్మిన నోరు అది. మంచం మీద కూలబడ్డారు.

"ఈ ఏడు ఏ చెట్టు పండు నోట్లో పెట్టినా అమృతంలా ఉందే తులసీ," అన్నారు, పరాయివాడు నిలబడి ఉన్నాడన్న ధ్యాస కూడా లేకుండా. "పంట బాగా వచ్చిందనుకున్నా."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఏడుపొచ్చింది, ఆపుకున్నాను.

నారాయణరావు మంచివాడు. పాక చూరుకేసి చూస్తూ కాసేపు నిలబడి, "పోనీలెండి, ఆ లోడు సంగతి తర్వాత చూసుకుందాం. బావిగట్టు చెట్లు చూద్దామని కూడా వచ్చాను," అన్నాడు.

నేనే లేచి బావిగట్టు కుప్పలోంచి రెండు పళ్లు తెచ్చాను. మా ఆయన అలవాటుగా చెయ్యి చాపారు. నేనివ్వలేదు. లాక్కోవడానికీ ఆయన చూడలేదు. చాపిన చెయ్యి అలాగే కాసేపు ఉంచి, "కడుక్కోవడానికి కాసిని నీళ్లు పొయ్యి," అన్నారు. కుండలోంచి నీళ్లు పోశాను. మోచేతిదాకా, వేళ్ల సందులు కూడా కడుక్కున్నారు. అప్పుడు నారాయణరావుతో, "ఇకనుంచి మా ఆవిడ చూస్తుందయ్యా. ఆవిడ మాటే నా మాట," అన్నారు.

ఆడదాని నోటితో బేరం అతను ఎన్నడూ చెయ్యలేదు. ఇబ్బందిగా తువ్వాలు భుజం మార్చుకున్నాడు. నేను పండు మెత్తగా పిసికి, తొడిమ దగ్గర కొరికి నోట్లో పెట్టుకున్నాను. ఆ ఏడు మంచి పండు నేను తినడం అదే మొదలు. మొక్కేం కాదు, తిండి మీద ధ్యాసే లేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో పులుపు అనేద్దామనిపించింది, ఎదురుగా ఆయన అలా చూస్తుంటే. కానీ కొనేవాడు నిలబడి ఉన్నాడు.

"తీపండీ," అన్నాను. "బాగా తీపి."

నారాయణరావు రెండో పండు చీకి తలాడించి, చెట్లు చూడటానికి బావివైపు నడిచాడు.

"ఎలా ఉందే?" అన్నారు మా ఆయన.

"చెప్పాగా."

"అతనికి చెప్పావు. నాకు చెప్పు."

"మొదట కాస్త పులుపు తగిలిందండీ. ఆ తర్వాత ఇక పులుపన్నదే లేదు. పీచు తక్కువ. టెంక దగ్గరికొచ్చేసరికి మరీ తియ్యగా ఉంది."

ఆయన నా నోటివైపే చూస్తున్నారు. గుటక వేశారు. ఆ వేలు దక్కుతుందో లేదో అప్పటికి మా ఇద్దరికీ తెలియదు. డబ్బా మూత తీసి చేపముక్కలు ఆయన ఒళ్లో పెట్టాను. ఒకటి తీసుకుని నమిలారు.

"ఇంకో పండు తెచ్చుకో," అన్నారు.

"నాకు చాలండీ."

"తెచ్చుకోవే. ఇక్కడ కూర్చుని తిను. మెల్లగా తిను, తొందరేం లేదు."

వెళ్లి తెచ్చుకున్నాను. మంచం మీద ఆయన పక్కన కూర్చుని, ఆయన చూస్తుండగా, వీలైనంత మెల్లగా తిన్నాను.