తప్పుల లాయరు

ఏ కేసులు వాదిస్తావని అడిగితే కేశవమూర్తి "సైబర్" అన్నాడు. రైలు మోతకు ఆ మాట సగం అరిగిపోయి, ఎదుటి సీట్లో ఉన్న అవ్వ చెవిలో "బర్రె"గా పడింది.

"బర్రె కేసుల లాయరువా! దేవుడు పంపిచ్చినట్ల దొరికినావు గదప్పా. మా బర్రెను ఎవురో తోలుకపొయ్యి నెలాయ. యాడ పెట్టల్ల కేసు?"

హిందూపురం నుంచి పెనుకొండ పోయే ప్యాసింజరులో ఆ పెట్టె పెట్టెంతా బర్రె వెంట పడింది. సంతలో చూశామన్నారొకరు. కర్ణాటక దాటించేసి ఉంటారన్నారింకొకరు. కేశవమూర్తి గొంతు సవరించుకున్నాడు.

"బర్రె కాదమ్మా, సైబర్. కంప్యూటర్లో జరిగే దొంగతనాలు."

"కంప్యూటర్లో బర్రెను యాడ కట్టేస్తారప్పా?"

అందరూ గొల్లుమన్నారు. కేశవమూర్తీ నవ్వాడు. ఆయన నవ్వితే పెదాలు కదలవు, గొంతుముడి ఒక్కటే కిందికీ పైకీ ఆడుతుంది. అరవై దాటిన మనిషి, కొక్కెంలా వంగిన మెడ, ఉతికి ఉతికి పెనం అడుగు రంగుకొచ్చిన నల్లకోటు. కోటు బరువుకు వంగాడో, కోర్టు బరువుకు వంగాడో చెప్పడం కష్టం.

హక్కుల చదువు చదివి చివరికి హ్యాకుల దగ్గర తేలాడు. అంతకుముందు చాలాకాలం డాక్టర్ల తరఫున వాదించాడు. కడుపులో గుడ్డ మరిచిన డాక్టరు, కుడికన్నుకు బదులు ఎడమకన్ను కోసిన డాక్టరు, గోడ కూలిన ఇంజనీరు, లెక్క కూలిన ఆడిటరు. వృత్తిలో తప్పు చేసినవాడి మీద ఎవరు దావా వేసినా, పక్కన నిలబడేది కేశవమూర్తే. ఇతరుల నిర్లక్ష్యమే ఆయన జీవితలక్ష్యం అయిపోయింది. ఊరు ఆయనకు 'తప్పుల లాయరు' అని పేరు పెట్టింది. తప్పదు మరి.

ఆయన దగ్గరున్న వాదన కూడా ఒక్కటే. "ఆ వృత్తిలో ఉన్న మామూలు మనిషి ఏం చేస్తాడో నా క్లయింటూ అదే చేశాడు. అందరూ చేసేది నిర్లక్ష్యం ఎలా అవుతుంది?" ఈ ఒక్క వాక్యాన్నే డాక్టరుకు తగ్గట్టు ఒకసారి, ఇంజనీరుకు తగ్గట్టు ఒకసారి కత్తిరించి కుట్టేవాడు.

గెలిచినవాళ్లు ఆయన్ను బాగా చూసుకోవాలి. చూసుకోవడం దేవుడెరుగు, చూడనే చూడరు. ఆయన ముఖం కనిపిస్తే వాళ్లకు తమ తప్పు కనిపిస్తుంది. ఎడమకన్ను డాక్టరు బజార్లో ఎదురైతే చెప్పుల అంగడిలోకి దూరిపోతాడు. నాలుగేళ్ల కిందట భార్య సీతాదేవి పోయినప్పుడు, ఆయన కాపాడినవాళ్లలో ఒక్కరూ గడప తొక్కలేదు.

వెంకటేశులు ఒక్కడే వేరు. ధర్మవరంలో పట్టుచీరల అంచులు కంప్యూటర్లో గీసే డిజైనరు. డాక్టర్లకున్నట్టు అతనికి బీమా లేదు, కాబట్టి ధీమా కూడా లేదు. పోయిన వాయిదాకు వచ్చినప్పుడు చేతులు పట్టుకున్నాడు. "ఈ గండం గడిస్తే మా ఇంటికి రావల్ల సార్. మా ఇంటామె మంజులత ఓళిగలు బాగా చేస్తాది. మీరు రాకుంటే నేనే వచ్చి పిల్చుకపోతా."

తప్పుల లాయరును ఇంటికి పిలిచిన క్లయింటు అతనే. ఆ బొబ్బట్ల పిలుపును కేశవమూర్తి నెలరోజులుగా కొంచెం కొంచెం నములుతున్నాడు.

కేసు చిన్నదే, కాటే పెద్దది. ధర్మవరంలో చీరల అంగడి నడిపే నాగరత్నమ్మ పెళ్లిళ్ల కాలానికని వెంకటేశులు చేత కొత్త అంచు గీయించుకుంది. ఆ చీర ఆమె మగ్గం దిగకముందే, అదే అంచు ఎక్కడో మరమగ్గాల మీద కుప్పలుగా దిగిపోయింది. ఎవడో వెంకటేశులు కంప్యూటర్లో దూరి కాజేశాడు. దూరడం కష్టమేమీ కాలేదు. దాని పాస్‌వర్డు చౌడమ్మ.

వెంకటేశులు ఉండే నేతవీధికి ఇలవేల్పు చౌడేశ్వరి. ఆయుధపూజనాడు కీబోర్డుకు పసుపూ కుంకుమా పెట్టి, అమ్మ పేరునే తాళంగా కొట్టడం వీధి ఆనవాయితీ. అమ్మ కాపలా ఉంటే దొంగ తాకడు. ఆ పేరు మార్చడమంటే అమ్మను గడప దాటించడమే.

వెంకటేశులు అజాగ్రత్త వల్లే నష్టపోయానని నాగరత్నమ్మ దావా. ఓడితే అతని ఇల్లూ కంప్యూటర్లూ పోతాయి. ఇవాళ ఆమెను ప్రశ్నించడం కొంత మిగిలి ఉంది. ఆ తర్వాత అదే వీధి డిజైనరు తిరుపాల్ బోనెక్కి, "మేమంతా ఇట్లే పెట్టుకుంటాం" అనాలి. అంతే.

తిరుపాల్ పెనుకొండ కోర్టుకు వచ్చాడు గానీ వరండా స్తంభం దాటి రాలేదు.

"నేను పలకను సార్. ఈడ నేను నోరు తెరిస్తే ఆడ వీధిలో తాళాలన్నీ తెరుసుకుంటాయి."

"మార్చుకోండప్పా. రెండు నిమిషాల పని."

"అమ్మను తీసేసి ఎవుర్ని పెట్టల్ల? మిమ్మల్నా?" అని తిరుపాల్ బస్టాండు దారి పట్టాడు.

వెంకటేశులు ముఖం వెలసిన రంగులా అయింది. "నిజమే సార్, నాకు తోచలేదు. అందరి సొత్తూ ఆ పేరు కిందనే ఉండాది. ఆ మాట ఎత్తొద్దండి సార్, దండం పెడ్తా. ఇంగేదన్నా చెప్పండి."

ఇంకేదన్నా ఉంటే కదా! కేశవమూర్తి తలంతా వెతుక్కున్నాడు. ఆ పాత వాక్యం తప్ప మరేం దొరకలేదు. లోపలి నుంచి బంట్రోతు కేసు పిలిచాడు.

నాగరత్నమ్మ బోనులో నిలబడింది, రెండు ముక్కుపుడకలూ మడత నలగని చీరా మెరుస్తూ. కేశవమూర్తి అటూ ఇటూ తిప్పి నాలుగు పనికిరాని ప్రశ్నలు వేశాడు. జడ్జి కలం మూత పెట్టబోయాడు. "ఇంకేమైనా ఉన్నాయా?"

వెనక బెంచీలో వెంకటేశులు చేతులు జోడించి తల అడ్డంగా ఊపుతున్నాడు. కేశవమూర్తి అతన్ని చూశాడు. స్పష్టంగానే చూశాడు. ఓడిపోతే ఈ మనిషి వీధిన పడతాడనుకున్నాడు. ఓళిగల పిలుపు కూడా తలుపు మూసుకుంటుందనుకున్నాడు.

"మీ అంగడి కంప్యూటర్‌కు పాస్‌వర్డు ఎవరి పేరమ్మా?"

ఆమె లాయరు లేచేలోపే నాగరత్నమ్మ కస్సుమంది. "ఇదేం అడగడమప్పా? మా ఇంట్లో అన్నిటికీ చౌడమ్మే. అమ్మ పేరు గాక నీ పేరు పెట్టుకుంటానా?"

హాలు పకపకమంది. ఏమన్నదో అప్పుడు తెలిసి ఆమె కొంగుతో నోరు మూసుకుంది. కేశవమూర్తి అందరికీ విడమరిచి చెప్పాడు. దావా వేసిన ఇంట్లోనూ వేయించుకున్న ఇంట్లోనూ తాళం ఒకటే. మధ్యలో ఉన్న వీధంతా అదే తాళం. దీన్ని నిర్లక్ష్యం అంటే వీధినే బోనెక్కించాలి. జడ్జి తలాడిస్తూ రాసుకున్నాడు. తీర్పు తర్వాత చెబుతానన్నా, అది ఎటు మొగ్గిందో గోడ మీది బల్లికి కూడా తెలిసిపోయింది.

ధర్మవరం నుంచి వచ్చినవాళ్లు ఫోన్లు చెవిన పెట్టుకుని బయటికి ఉరికారు. "రేయ్, అన్నీ ఆపేయండ్రా! మన తాళం కోర్టులో చెప్పేసినారు!"

వరండాలో వెంకటేశులు, "గెలిపిచ్చినారు సార్" అన్నాడు, ఎవరో పోయారని చెప్పినట్టు. "ఇంగ మా వీధిలో నాకు అంచు గీయమని ఎవురిస్తారు? అందరి తాళం నా కేసులోనే గదా ఇరిగింది. వద్దని మొక్కితి గదా."

"ఓడిపోయుంటే నీ ఇల్లు..."

"ఇల్లు పోతే ఇంగోటి కట్టుకుందును సార్. వీధిని యాడ కట్టుకునేది?"

సాయంత్రం పెనుకొండ స్టేషన్లో ఇద్దరూ చెరో ప్లాట్‌ఫారం మీద ఉన్నారు. ధర్మవరం బండి అటు, హిందూపురం బండి ఇటు. కేశవమూర్తి అటు వెళ్దామని వంతెన ఎక్కాడు. సగంలో ఛాతీ పట్టేసింది. కమ్మీ పట్టుకుని కిందికి చూశాడు. వెంకటేశులు ఆయన్ను చూసి, మెల్లగా స్తంభం చాటుకు జరిగాడు.

కేశవమూర్తి దిగి వచ్చి, ఉడకబెట్టిన శనక్కాయలు రెండు పొట్లాలు కొని బెంచీ మీద కూర్చున్నాడు. ధర్మవరం బండి వచ్చింది. అది కదిలాక చూస్తే ఎదురు ప్లాట్‌ఫారం మీద మనిషి లేడు.

హిందూపురం బండి వచ్చి ఆగింది. "సార్, మీ బండి పోతాండాది" అని శనక్కాయలమ్మే ఆమె భుజం తట్టింది. తట్టిన వైపే ఆయన ఒరిగిపోయాడు.

స్టేషను వాళ్లు వచ్చి, ఆయన కోటే ఆయన ముఖాన కప్పి తీసుకుపోయారు. బెంచీ మీద ఒక పొట్లంలో తొక్కలు ఒద్దికగా మడిచి ఉన్నాయి. ఒక మనిషి కూర్చునేంత చోటు వదిలి, ఆ పక్కన రెండో పొట్లం విప్పకుండా, ఇంకా గోరువెచ్చగా ఉంది.