రుబ్బేది నేనేనట!

“రుబ్బేది నువ్వా? అది కదా! స్విచ్ వేస్తే తిరుగుతుంది. దానికింత రాద్ధాంతమా?” అని మురహరి భార్యతో మూడోసారి అన్నాడు.

ఆ ‘అది’ నేనే. నేను ఒక గ్రైండర్‌ని. కోయంబత్తూరులో పుట్టి, తెనాలి కొట్లో అమ్ముడుపోయి, పాత చీరల్లో చుట్టుకుని ఐర్లండ్‌లోని ఈ చలి ఊరికి వచ్చాను. విమానాశ్రయంలో బరువు మించిందంటే, మురహరి భార్య సువర్చల నన్ను ఉంచి తన ఫిజియోథెరపీ పుస్తకాలు తీసి తండ్రి చేతికిచ్చేసింది. రుబ్బేటప్పుడు రాయి వేడెక్కకూడదు, పిండి చెడుతుంది. ఆ పుస్తకాలు గుర్తొస్తే మాత్రం నాకు వేడెక్కుతుంది.

ఇక్కడ మనవాళ్ళవి మాతో కలిపి పది ఇళ్ళు. మంచివాళ్ళే. దిగిన రోజు అన్నం, పప్పుచారు తెచ్చారు. పాప తన్మయికి జ్వరమొస్తే ఆస్పత్రిలో కూర్చున్నారు. కాదనను. కానీ ఊరు మొత్తానికి రాతి గ్రైండర్‌ని నేనొక్కదాన్నే అని తెలిసిందో లేదో, ప్రతి శనివారం పిండి కోసం తొమ్మిది డబ్బాలు గుమ్మంలోకొచ్చి కూర్చుంటున్నాయి.

“మిక్సీలో వేస్తే ఇడ్లీలు గట్టిగా వస్తున్నాయి వదినా. నీ చేతి పిండే వేరు!”

పొగడ్తకేం, ఊరికే వస్తుంది. పప్పు నానబెట్టేది, కడిగేది, జిగురు పిండిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి ఎత్తేది, ఈ చలికి పులవదని ఓవెన్‌లో లైటు వేసి గిన్నెలు మార్చేది నేను కాదు. ఆ చేతులు ఆమెవి. నన్ను చూపించి ఆమె చాకిరీని లేనట్టే చేస్తారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

నాలుగేళ్ళు ఎదురుచూశాక, ఇక్కడ ప్రాక్టీసుకు కావలసిన తరగతుల్లో ఆమెకు సీటొచ్చింది. శనివారాలు. ఇప్పుడు వదులుకుంటే మళ్ళీ రెండేళ్ళకే.

“మనల్ని ఆదుకున్నవాళ్ళు. రేపు అవసరమైతే ఎవరొస్తారు?” అన్నాడు మురహరి.

“పిండి రుబ్బకపోతే రానివాళ్ళు ఇన్నాళ్ళూ మన కోసం వచ్చినట్టా?”

“పదిమందిలో మాట పడతాం అమ్మాయ్,” అంది అత్తగారు కనకరత్నం.

సువర్చల నా దగ్గరికొచ్చింది. నా రాళ్ళు కడిగి, తుడిచి, పాత చీరల్లో చుట్టింది. శుక్రవారం ఇంట్లో అందరూ భోజనానికి కూర్చున్నాక, తన్మయికి పెరుగు వేస్తూ, గొంతు పెంచకుండా చెప్పింది.

“రేపు నేను క్లాసుకు వెళ్తున్నాను. గ్రైండర్ ముందు పక్కింటి భారతి వాళ్ళింటికి వెళ్తుంది. వారానికో ఇల్లు, అందరికీ చెప్పేశాను. మన వంతు పదో వారం. ఆ శనివారం మీరు రుబ్బండి. స్విచ్ వేస్తే తిరుగుతుంది.”