అడుగుకు పావు అంగుళం

బొమ్మ చెయ్యడం సులభం, రంగు వెయ్యడమే నరకం. ఈ మాట నేను పదేళ్లుగా అంటున్నాను, వినేవాళ్లు లేరు. మైదుకూరు మిషన్ బడిలో లెక్కలు చెప్పి ఇంటికొచ్చాక నాకున్న ఒకే వ్యసనం చెక్కతో చిన్న చిన్న నమూనాలు చెయ్యడం. కడప బస్సు చేశాను, రైలింజను చేశాను. ప్రతిదీ రంగు దగ్గరే చెడింది. పెద్దవాళ్లు ఆడుకునే బొమ్మలని మా ఆవిడ ఏసుమణి వాటికి పేరు పెట్టింది.

1955 వేసవిలో మాత్రం నేను ఆడుకోలేదు. ఆ ఏడు మా ఊళ్లో పాత చర్చిని పడగొట్టి కొత్తదానికి పునాది తీశారు. మంచం పట్టిన మా అమ్మ రాహేలమ్మ ఆ సంగతి విని రెండు రోజులు అన్నం ముట్టలేదు. వయసులో ఉన్నప్పుడు రాళ్లు మోసి ఆ గుడి కట్టినవాళ్లలో ఆమె ఒకతె. మూడోనాడు నన్ను పిలిచి, "ఒక్కసారి ఆ గుడిని సూసి కండ్లు మూస్తా నాయనా," అంది. లేని గుడిని ఎక్కణ్ణుంచి తేను? చేసి చూపిస్తానన్నాను. ఇంక రెండు నెలలకు మించదని డాక్టరు నాతో విడిగా చెప్పాడు.

అడుగుకు పావు అంగుళం లెక్కన టీ పెట్టె చెక్కతో గోడలు కోశాను. పది అంగుళాల పొడుగు. పాత ఫోటో ముందు పెట్టుకుని కిటికీ కమ్ములు కూడా లెక్క తప్పకుండా నిలిపాను. ఇరవై రోజుల్లో చర్చి లేచింది. ఇక మిగిలింది సున్నం కొట్టిన తెల్లటి గోడలే.

ఇక్కడే నా తెలివి అడ్డం తిరిగింది. పులివెందుల వైపు గనిలో మేస్త్రీగా ఉన్న నా చిన్ననాటి స్నేహితుడు ఓబులేసు ముగ్గురాయి పొడి తెచ్చిచ్చాడు. వాకిట్లో గీత గీస్తే వీధి చివరికి కనబడేంత తెలుపు. ఇది ఉండగా కొనే రంగెందుకని అవిసె నూనెలో నూరి పూశాను. నూనె తగలగానే ఆ తెలుపంతా ఎటు పోయిందో పోయింది. గంజి పూసినట్టయి, కింద చెక్క చారలు బయటికి కనబడుతున్నాయి. రెండో పూత వేశాను, మూడోది వేశాను. నాలుగో పూతకు కిటికీలు పూడుకుపోయాయి. వడగాలికి దుమ్మొచ్చి అతుక్కునేది. ఉడుత తోకతో నేనే కట్టుకున్న కుంచె వెంట్రుకలు రాల్చేది. ఒక్కోదాన్ని సూదితో తీస్తే కింద గీత పడేది. అన్నానికి రమ్మన్న పాపానికి ఏసుమణిని కసురుకున్నాను. ఆ రాయి పొడిగా ఉన్నప్పుడే తెలుపని, నూనెలో దాని తెలుపు నిలవదని నాకు చెప్పేవాళ్లు లేకపోయారు. ఓబులేసు రాయి తవ్వేవాడే గాని రంగులు తెలిసినవాడు కాదు.

అమ్మ రోజూ అడిగేది, అయినంతవరకు చూపించమని. నేను ఒప్పుకోలేదు. తెలుపు రాకుండా అది మన గుడే కాదన్నాను. ఎంత మొండివాణ్ణో ఇప్పుడు తెలుస్తోంది.

నెల దాటిపోయింది. చివరికి పూతంతా గీకేసి, బస్సెక్కి కర్నూలు పోయాను. రాజధాని అయ్యాక అక్కడ బోర్డులు రాసేవాళ్లకు కొదవ లేదు. ఒక పెయింటరు నా గోడు విని, నవ్వకుండా చిన్న డబ్బాలో జింకు వైటు పోసిచ్చాడు. ఆరడానికి వారం పైనే పడుతుందని, తొందరపడొద్దని చెప్పాడు.

ఇంటికొచ్చి పూశాను. జన్మకు మొదటిసారి నా చేతిలో రంగు మాట విన్నది. గోడలు అచ్చం ఫోటోలో ఉన్నట్టే వచ్చాయి. మూడోనాటి మధ్యాహ్నం అమ్మకు ఆయాసం ఎక్కువైంది. ఆరేదాకా ఆగే ధైర్యం లేక, పీట మీద పెట్టి మంచం దగ్గరికి తీసుకుపోయాను. ఏసుమణి ఆమెను లేపి దిండుకు ఆనించింది.

అమ్మ చాలాసేపు చూసింది. కప్పు చూసింది, గంట చూసింది. తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆమె చూపు అక్కడే ఏదో వెతుకుతూ ఉండిపోయింది.

"పాప చెయ్యి యాడుండాది?" అంది.

ఏ పాప అని అడిగితే ఆగి ఆగి చెప్పింది. నాకన్నా ముందు ఆమెకొక ఆడబిడ్డ, పేరు మరియమ్మ. ఆడవాళ్లు గుడి గోడలకు ఎర్రమన్ను మెత్తుతుంటే, ఆ మూడేళ్ల పిల్ల తలుపు పక్కన పచ్చిమన్నులో అరచెయ్యి ఒత్తింది. ఆ ఏడే మసూచికంతో పోయింది. పోయిన బిడ్డ పేరు ఇంట్లో ఎత్తొద్దని నాన్న ఒట్టు పెట్టించుకున్నాడట. తర్వాత మిషన్ దొర ఆ గోడలకు సున్నం కొట్టించాడు. సున్నం కిందున్నా ఆమెకు ఆ చోటు తెలుసు. ప్రతి ఆదివారం లోపలికి పోయే ముందు అమ్మ ఆ గోడ తాకడం చిన్నప్పటినుంచీ చూసినవాణ్ణే. భక్తి అనుకున్నాను.

అడుగుకు పావు అంగుళం లెక్కన పసిబిడ్డ అరచెయ్యి ఆవగింజంత. కిటికీ కమ్ములు లెక్కపెట్టినవాణ్ణి, ఆ గుడిలో ఏం చూడాలనుందమ్మా అని ఒక్క మాట అడగలేదు. పీటను ఆమెకు ఇంకాస్త దగ్గరికి జరిపాను.

"యాడమ్మా?" అన్నాను.

కుడిపక్కన, మోకాలెత్తున అని చెప్తూనే ఆమె చెయ్యి చాపింది. రంగు ఇంకా పచ్చిగానే ఉంది. ఏసుమణి ఆపబోతే నేను వారించాను. అమ్మ చిటికెన వేలి కొనను తలుపు పక్క గోడకు ఆనించి, కళ్లు మూసుకుని కాసేపు అలాగే ఉంచింది. తీసినప్పుడు అక్కడ చిన్న గుంట పడింది.

"ఈడ," అంది. "ఇబ్బుడు మన గుడి."

గోడలు ఆరడానికి ఇంకా అయిదు రోజులు పట్టింది. అమ్మ రెండో రోజునే పోయింది. స్నానం చేయించేటప్పుడు, వేలికంటిన తెలుపు నీళ్లకు పోవడం లేదని, కిరసనాయిలుతో తుడవనా అని ఏసుమణి అడిగింది. వద్దన్నాను.