చార్జింగ్‌లో పెట్టిన సాక్ష్యం

సీలు బాబాయ్ చాలా మంచివాడు. ఆ మంచితనమే మా కొంప ముంచింది.

కేసుల్లో పట్టుకున్న వస్తువులను కోర్టు భవనం కింది అంతస్తులో ఒక గదిలో దాచిపెడతారు. ఆ గదికి ఆయన గుమాస్తా. ప్రతి కవరు మీదా లక్క కరిగించి తానే ముద్ర వేస్తాడు కనుక లాయర్లందరికీ సీలు బాబాయ్ అయ్యాడు. ఆ పొద్దున మా వదిన, ఆమె తరఫు లాయరుగా నేను, ఫిర్యాదు చేసిన కంపెనీ తరఫు లాయరు, ఒక లేడీ కానిస్టేబుల్ ఆ గదికి వెళ్ళాం. వదిన ఫోన్‌ను అందరి ముందూ ఆ గదిలోంచి బయటికి తీసి, సీలు కవరుతోనే ల్యాబ్‌కు పంపి, లోపలున్నదంతా నకలు తీయించాలని జడ్జిగారి ఉత్తర్వు.

వదిన అంటే మా అన్న భార్య. ఫైనాన్స్ కంపెనీలో అకౌంటెంటు. జనం దాచుకున్న డిపాజిట్లను దొంగ ఖాతాలకు మళ్ళించిందని ఆమె మీద కేసు. మళ్ళించమన్నది చైర్మన్. ఆ పెద్దమనిషి కాగితం మీద సంతకం పెట్టడు, ఈమెయిల్ రాయడు. అంతా వాయిస్ మెసేజ్‌లే. "పంపించేయమ్మా, నేను చూసుకుంటాగా" అన్న ఆయన గొంతు, కంపెనీ వాళ్ళు వదినకిచ్చిన ఆ ఫోన్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. అది కోర్టుకు వినిపిస్తే వదిన నిర్దోషిగా ఇంటికొస్తుంది. లేకపోతే జైలుకెళ్తుంది. బెయిల్ మీద బయటున్న మనిషి, నోట్లో నాలుక లేని మనిషి, ఆ పొద్దున నా చెయ్యి పట్టుకునే మెట్లు దిగింది.

తలుపు తీయగానే లక్క వాసన, ఎలుకల మందు వాసన కలిసి కొట్టాయి. ఇనప రాక్‌ల వెనక ఒక పొడవాటి బల్ల. దాని మీద వరసగా సీలు వేసిన ప్లాస్టిక్ కవర్లు, ఒక్కో కవరులో ఒక్కో ఫోను, ఒక్కో ఫోనుకూ ఒక తీగ. ఆ మసక గదిలో చిన్న చిన్న ఆకుపచ్చ దీపాలు మెరుస్తున్నాయి. ఒక కవరు వణికింది. జైల్లో ఉన్న ఎవడికో ఎవరో ఇంకా ఫోన్ చేస్తున్నారు.

నేను బల్ల దగ్గరికి వెళ్ళాను. "బాబాయ్, ఏంటివన్నీ?"

"చార్జింగ్ పెట్టానమ్మా," అన్నాడాయన, పిల్లలకు అన్నం పెట్టిన తల్లిలా మురిసిపోతూ. "పోయినసారి జడ్జిగారి ముందు ఒక ఫోన్ వెలగలేదు. అందరిలో నన్ను దులిపేశారు. అప్పట్నుంచి ఏది బయటికెళ్ళినా ముందురోజే చార్జింగ్ పెట్టి, ఆన్ చేసి ఉంచుతున్నా."

"సీలున్న కవరులోకి తీగెలా వెళ్ళింది?"

"మూల కొంచెం కత్తిరించా. సీలు చెక్కు చెదరలేదు, చూసుకో!"

ఒళ్ళు మండిపోయింది. ఇంటికి తాళం వేసి గోడకు కన్నం పెట్టినట్టుంది ఆయన జాగ్రత్త. ఆపి ఉన్నన్నాళ్ళూ వదిన ఫోన్ బతికే ఉంది. ఆన్ చేసి సిగ్నల్ అందిన క్షణం నుంచి దాని ప్రాణం, దూరం నుంచే అంతా చెరిపేయగల కంపెనీ వాళ్ళ చేతిలోకి వెళ్ళింది. ఇది చదువుకున్న పోలీసులకే తెలియదు, పాపం ఈయనకేం తెలుసు?

కంపెనీ లాయరు తన ఫోన్ పైకెత్తి చూసుకున్నాడు. "పర్లేదే, ఇంత కిందకి కూడా సిగ్నల్ బాగానే వస్తోంది," అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. తర్వాత బొటనవేలితో ఏదో టైప్ చేశాడు. కంపెనీకో, పెళ్ళానికో, నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు.

వదిన ఫోన్ తెర వెలిగింది. కవరులోంచి అక్షరాలు స్పష్టంగా కనిపించాయి. ఈ ఫోన్‌ను మీ సంస్థ లాక్ చేసింది.

వదిన నా భుజం గట్టిగా పట్టుకుంది. "ఉద్యోగం మానేసినవాళ్ళ ఫోన్లకి ఇలాగే చేస్తారు. ముందు తాళం వేస్తారు. కాసేపటికి మొత్తం ఊడ్చేస్తారు. మా ఆఫీసులో కళ్ళారా చూశాను."

"బాబాయ్, సీలు తీసి ఆపెయ్యండి!" అని అరిచాను.

ఆయన మొహం పాలిపోయింది. "ఉత్తర్వు లేకుండానా? నా ఉద్యోగం పోతుందమ్మా."

"కన్నం పెట్టడానికి ఉత్తర్వు ఉందా మీకు?"

"పైనుంచి నొక్కి చూడమ్మా పోనీ."

కవరు మీంచే నొక్కాను. తెర ఆరి మళ్ళీ వెలిగింది గానీ ఫోన్ ఆగలేదు. ఆపడానికి రెండు పక్కలా బొత్తాలు కలిపి పట్టుకోవాలి, మందపాటి ప్లాస్టిక్ జారిపోతోంది. సిగ్నల్ అందని ఇనప బీరువా ఉంది, దాని తాళం సెలవులో ఉన్న హెడ్ క్లర్క్ దగ్గరుంది. జడ్జిగారు పైన ఇంకో కేసు వింటున్నారు. నేను పరిగెత్తి, మొర పెట్టుకుని, ఉత్తర్వు రాయించుకుని వచ్చేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

"మేడమ్, సీలు ముట్టుకుంటే సాక్ష్యం చెరిపినట్టే," అన్నాడు కంపెనీ లాయరు మర్యాదగా. "మీకు తెలియనిదేముంది."

తెలుసు. ముద్దాయి ఆడపడుచు సీలు చింపితే నా నల్లకోటు పోతుంది, లోపలి గొంతును ఏ కోర్టూ నమ్మదు. చింపకపోతే నమ్మడానికి గొంతే ఉండదు. అయినా నా చెయ్యి కవరు మీదకు వెళ్ళింది. వదిన ఆ చేతిని పట్టుకుని పక్కకు తీసింది.

"వద్దు. నీకు ఇద్దరు పిల్లలున్నారు," అంది.

నేను నోరు తెరిచేలోపే కవరు అందుకుని పళ్ళతో చింపింది. లక్క ముక్కలు బల్ల మీద రాలాయి. రెండు బొత్తాలూ కలిపి, వేళ్ళ కొసలు తెల్లబడేదాకా నొక్కి పట్టుకుంది. తెర నల్లబడింది.

సీలు బాబాయ్ కుర్చీలో కూలబడి ఏడవడం మొదలుపెట్టాడు. కంపెనీ లాయరు తన ఫోన్‌తో నెమ్మదిగా ఫోటోలు తీశాడు. చిరిగిన కవరు, లక్క ముక్కలు, వదిన చేతులు. ఒక్కటీ వదల్లేదు.

"రాసుకోండి," అన్నాడు కానిస్టేబుల్‌తో. "ముద్దాయి స్వయంగా."

కానిస్టేబుల్ వదిన మణికట్టు పట్టుకుంది. కోర్టులో బెయిల్ రద్దు చేయమంటారు. నకలు తీస్తే, ముద్దాయి చేతిలో పడ్డ ఫోన్‌లో దొరికిన గొంతు ఎవరిదని అడుగుతారు. నాకు ఏడుపొచ్చింది.

"ఎందుకు చేశావు వదినా? ఇప్పుడు దాన్నెవరూ నమ్మరే!"

వదిన ఫోన్‌ను బల్ల మీద జాగ్రత్తగా పెట్టింది. మొదటిసారి ఆ లాయరు మొహంలోకి సూటిగా చూసింది.

"నమ్మకపోతే పోనీ. ఫోన్‌లో ఆ గొంతు లేకపోతే, చైర్మన్ అలా అన్నాడో లేదో నాకే అనుమానం వచ్చేది."